గని దీపం అంటే ఏ దీపం? కార్బైడ్ టోపీ దీపాల సేకరణలో చిక్కుముడులు

ఇల్లందు, బెల్లంపల్లి, మందమర్రి వైపు పాత ఇళ్లు, క్వార్టర్లు ఖాళీ చేసినప్పుడల్లా అటకల మీది ఇత్తడి సామాను కిందికి దిగుతుంది. కొంత తుక్కు కొట్టుకు పోతుంది, కొంత ఫోన్లో ఫొటోగా అమ్మకానికి వస్తుంది. అలాంటి ఫొటోల్లో తరచూ కనిపించే వస్తువు ఒకటుంది. అరచేతిలో పట్టే ఇత్తడి దీపం, ముందు గుండ్రటి మెరుపు రేకు, వెనక కొక్కెం. దాని కింద రాసేది దాదాపు ఒకటే మాట: "సింగరేణి గని దీపం, వందేళ్ల నాటి యాంటిక్."

ఈ మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. అది గని దీపమేనా? సింగరేణిదేనా? వందేళ్లు నిండాయా? ఒకటి నిజమైతే మిగతా రెండూ నిజమని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడింటినీ విడివిడిగా తేల్చుకోవాలి. ధర, చట్టం, ఇంట్లో పిల్లల భద్రత అన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒక్క పేరు కింద నాలుగు రకాలు

మొదటిది అసలు కార్బైడ్ టోపీ దీపం, అంటే గని మనిషి టోపీకి తగిలించుకునేది. ఎత్తు సుమారు నాలుగు అంగుళాలు. రెండు చిన్న గిన్నెలు ఒకదాని మీద ఒకటి మరలాగా బిగుస్తాయి. పై గిన్నెలో నీళ్లు, కింది గిన్నెలో కార్బైడ్ రాళ్లు. ముందు పళ్లెం లాంటి రిఫ్లెక్టరు, దాని నడుమ సన్నటి బర్నరు. మంటకు గాజు లేదు, జాలీ లేదు; గాలిలోనే మండుతుంది. ఈ ఒక్క లక్షణాన్ని గుర్తుపెట్టుకుంటే ముందు ముందు సగం చిక్కులు విడిపోతాయి.

రెండోది సేఫ్టీ ల్యాంపు. ఇది పొడవుగా ఉంటుంది. కింద నూనె డబ్బా, దాని మీద మందపాటి గాజు, ఆపైన ఇనుప తీగల జాలీ, దాన్ని కప్పే డొప్ప, పట్టుకోవడానికి కొక్కెం. మంట లోపలే బందీగా ఉంటుంది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. ఆ తర్వాత మంటను జాలీలో బంధించే ఆలోచన ఊపందుకుంది, 1815లో హంఫ్రీ డేవీ తన దీపాన్ని తయారుచేశాడు. అంగుళానికి 28 కళ్లు, అంటే చదరపు అంగుళానికి 784 కళ్లున్న జాలీ మంట వేడిని లాగేస్తుంది. లోపల గ్యాసు అంటుకున్నా ఆ మంట జాలీ దాటి బయటికి పాకదు.

మూడోది కరెంటు క్యాప్ ల్యాంపు. నడుముకు బ్యాటరీ, తలకు దీపం, రెండింటి మధ్య కేబులు. ల్యాంపు రూంలో తీసుకుని బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి, దిగే దీపం ఇదే. మన బొగ్గు ప్రాంతపు కార్మిక కుటుంబాల్లో "తాత దీపం" అంటే చాలాసార్లు మనసులో మెదిలేదీ ఇదే.

నాలుగోది గనికి సంబంధమే లేని గుంపు. సైకిలుకు తగిలించే కార్బైడ్ దీపం ఇందులో ఒకటి: ముందు గాజు, వెనక స్ప్రింగు బ్రాకెట్టు, చాలావాటికి పక్కల చిన్న ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు. పెళ్లి ఊరేగింపుల్లో తలమీద మోసిన పెట్రోమ్యాక్సును కూడా మనవాళ్లు గ్యాసు లైటే అన్నారు. అది పంపుతో ఒత్తిడి ఎక్కించిన కిరోసిన్‌తో మాంటిల్ వెలిగే దీపం, కార్బైడ్‌కు దానికి చుట్టరికం లేదు.

డేవీ పేరు దగ్గరా ఒక గందరగోళం ఉంది. జాలీ దీపం హంఫ్రీ డేవీది. కార్బైడ్ దీపంలో మండే ఎసిటిలీన్ వాయువును 1836లో కనిపెట్టింది ఆయన దాయాది ఎడ్మండ్ డేవీ. అమ్మేవాళ్లు కార్బైడ్ దీపాన్ని "డేవీ ల్యాంప్" అని రాస్తే ఆ రెండు రకాల తేడా వాళ్లకు తెలియదని అర్థం. మిగతా వివరాలను కూడా అంతే జాగ్రత్తగా చూడాలి.

రాయి మీద నీటిచుక్క పడితే

కార్బైడ్ అంటే కాల్షియం కార్బైడ్. సున్నాన్నీ బొగ్గునూ విద్యుత్ కొలిమిలో చాలా ఎక్కువ వేడి దగ్గర కరిగిస్తే వచ్చే బూడిదరంగు రాయి. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ వేరే పదార్థం కోసం ప్రయత్నిస్తుండగా ఇది భారీగా తయారుచేసే దారి దొరికింది. 1900లో ఫ్రెడరిక్ బాల్డ్విన్ సైకిలు కార్బైడ్ దీపానికి పేటెంటు తీసుకున్నాడు, దానినుంచే టోపీ దీపం పుట్టింది. ఈ రెండు సంవత్సరాలు కాలం తేల్చడంలో బాగా పనికొస్తాయి.

నీళ్లు తగిలితే కార్బైడ్ రెండుగా మారుతుంది: మండే ఎసిటిలీన్ వాయువు, అడుగున తడి సున్నం. స్వచ్ఛమైన ఎసిటిలీన్‌కు పెద్దగా వాసన ఉండదు. వెల్లుల్లి కంపు కొట్టేది రాయిలో కలిసి ఉన్న ఫాస్ఫరస్ మలినాల వల్ల పుట్టే ఫాస్ఫీన్.

ఒక లెక్క వేసి చూద్దాం. పూర్తిగా స్వచ్ఛమైన కార్బైడ్ కిలోకు సుమారు 350 లీటర్ల వాయువు ఇవ్వాలి. బజారు సరుకు కిలోకు 300 లీటర్లు ఇస్తుందనుకుందాం. దీపంలో 50 గ్రాములు వేస్తే 15 లీటర్లు వస్తాయి. గంటకు 7 లీటర్లు తాగే బర్నరైతే దీపం రెండు గంటల పైచిలుకు వెలుగుతుంది. పూర్తి షిఫ్టుకు ఒక గిన్నెడు చాలదన్నమాట. అందుకే కార్బైడ్ దీపం వాడిన గని మనిషి వెంట అదనపు రాయి కోసం గట్టి మూత ఉన్న రేకు డబ్బా ఉండేది. ఆ డబ్బా దీపంతో పాటు దొరికితే సేకరణకు అది మంచి జత.

ఇప్పుడు నీళ్లు. 50 గ్రాముల రాయికి లెక్క ప్రకారం 28 మిల్లీలీటర్లు చాలు. కానీ చర్య జరిగేటప్పుడు పుట్టే వేడికి కొంత ఆవిరైపోతుంది, కొంత సున్నం పీల్చుకుంటుంది, కాబట్టి రెట్టింపు పట్టవచ్చు. గంటకు సుమారు 26 మిల్లీలీటర్లు అనుకుంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన గంటకు 520 చుక్కలు, అంటే ఏడు సెకన్లకో చుక్క. పైన ఉన్న చిన్న లివరు పనంతా ఈ చుక్కను అదుపు చేయడమే. పంటికి పంటికి కదిలే ఆ లివరే దీపానికి గుండెకాయ, అది పూర్తిగా అరిగిపోయిన దీపం చూపులకే.

చుక్క లెక్క తప్పితే ఏమవుతుందో పాత దీపాల మచ్చలే చెబుతాయి. నీళ్లు ఎక్కువైతే వాయువు ఒక్కసారిగా పొంగి మంట సాగుతుంది, తర్వాత గిన్నె సున్నపు నీళ్లతో నిండి ఆరిపోతుంది. బర్నరుకు పోయే వాయువును వడకట్టే ఫెల్టు బిళ్ల సున్నంతో పూడుకుపోతే బర్నరు దాకా దారి లేక వాయువు నీటి గొట్టంలోంచి వెనక్కి ఎక్కి పై గిన్నెలో బుడగలు కడుతుంది. రెండు గిన్నెల మధ్య రబ్బరు వాషరు ఎండిపోతే ఆ సందులోంచి వాయువు కారి, ముందున్న మంట పక్కకు కూడా అంటుకుంటుంది. మర చుట్టూ ఒకవైపే నల్లగా కాలిన మచ్చ ఉన్న దీపానికి జరిగింది ఇదే.

వాడిన రాయి కూడా ఉబ్బుతుంది. 50 గ్రాముల కార్బైడ్ పూర్తిగా మారితే ఎండు లెక్కన 58 గ్రాముల సున్నం మిగులుతుంది, అదీ పొడిపొడిగా, ఎక్కువ చోటు ఆక్రమించి. అందుకే కింది గిన్నెను సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే నింపేవాళ్లు.

బొగ్గుబాయిలో ఈ మంట ఎందుకు ఇమడదు

ఉత్తర తెలంగాణ చదువరులకు అన్నిటికంటే ముఖ్యమైన చిక్కు ఇదే. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. బొగ్గు పొర నుంచి మీథేన్ ఊరుతూనే ఉంటుంది. తలమీద తెరిచిన మంట పెట్టుకుని అలాంటి చోటికి పోవడం చావును పిలవడమే.

మన దేశపు బొగ్గుగనుల నిబంధనలు భూగర్భ గనుల పొరలను గ్యాసును బట్టి మూడు తరగతులు చేస్తాయి. మొదటి తరగతి నిర్వచనాన్ని శ్రద్ధగా చదవాలి: గాలిలో గ్యాసు కనబడినా, కనబడకపోయినా భూగర్భ బొగ్గు పొర కనీసం మొదటి తరగతిలోకి వస్తుంది. టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు దాటితే రెండో తరగతి, పది దాటితే మూడోది. "మా బాయిలో గ్యాసే లేదు, అందుకే కార్బైడ్ దీపం వాడారు" అనే వాదన 1957 నిబంధనల కాలానికి గానీ, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనల కాలానికి గానీ నిలవదు.

సేఫ్టీ ల్యాంపు వెలుగుకే కాదు, గ్యాసును పసిగట్టడానికీ పనికొచ్చింది. ఒత్తి బాగా తగ్గించి చూస్తే మంట మీద లేత నీలి టోపీ కనబడుతుంది. దాని ఎత్తును బట్టి మీథేన్ ఎంతుందో గనిలో పర్యవేక్షణ చేసే సర్దార్లు, ఓవర్‌మన్‌లు అంచనా కట్టేవాళ్లు. 1.25 శాతం దాటితే కరెంటు ఆపేయాలి. అందుకే కరెంటు దీపాలు వచ్చాక కూడా సేఫ్టీ ల్యాంపు బాయిలో చాలాకాలం ఉంది. మన ప్రాంతపు పాత ఇళ్లలో అసలైన గని దీపం దొరికితే అది సేఫ్టీ ల్యాంపో, కరెంటు ల్యాంపో కావడానికే ఎక్కువ అవకాశం.

మరి కార్బైడ్ దీపం ఎక్కడిది? ప్రధానంగా గ్యాసు బెడద లేని లోహపు గనులది. కోలార్ లాంటి బంగారు గనుల్లో, రాగి, సీసం గనుల్లో రాయి నుంచి మీథేన్ ఊరదు కాబట్టి తెరిచిన మంట చెల్లింది.

అయితే రెండోవైపు వాదనను కూడా తేలిగ్గా కొట్టిపారేయకూడదు. "మా తాత బొగ్గుబాయిలో చేశాడు, ఈ దీపం ఆయన పెట్టెలోనే ఉంది" అనే కుటుంబం అబద్ధం చెప్పడం లేదు. బొగ్గు ప్రాంతంలో మనుషులు ఒకే గనికి అతుక్కుని బతకలేదు, వేరే రాష్ట్రాల గనుల నుంచి పని కోసం వచ్చినవాళ్లు ఎందరో. దీపం పెట్టెలో దొరకడం ఆ మనిషి దగ్గర దీపం ఉందని రుజువు చేస్తుంది. దాన్ని ఫలానా బాయిలో వెలిగించారని మాత్రం రుజువు చేయదు. ఈ రెండింటినీ వేరుగా రాసుకుంటే కుటుంబం మాటకూ మర్యాద దక్కుతుంది, చరిత్రకూ అన్యాయం జరగదు.

కాలం విషయంలో మాత్రం బేరాల్లేవు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. కార్బైడ్ రాయి విరివిగా తయారయ్యే దారి దొరికిందే 1892లో. కాబట్టి "1889 నాటి సింగరేణి కార్బైడ్ దీపం" అనే వస్తువు ఉండే వీలే లేదు. ఇంకో చిన్న సంగతి: 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఇల్లందు వరంగల్ జిల్లాలోనే ఉంది. పాత కాగితం మీద "వరంగల్ జిల్లా" అని ఉందని దాన్ని నకిలీ అనుకోకూడదు.

చేతిలో పట్టుకుని చూసేటప్పుడు

దీపాన్ని ముందు ఆరుబయట తెరవాలి. లోపల ఎప్పటిదో రాయి ముక్క మిగిలి ఉండవచ్చు. ఊపితే గలగలమంటే, వెల్లుల్లి వాసన వస్తే దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

కింది గిన్నె లోపలి అంచును వేలుతో తడిమితే వాడిన దీపానికి తెల్లటి సున్నపు చార గరుకుగా తగులుతుంది. రాయి ఎక్కడిదాకా నింపేవాళ్లో ఆ చార చెబుతుంది. దాని కింద ఇత్తడి మసకబారి, గుంటలు పడి ఉంటుంది. అలంకారం కోసం కొత్తగా చేసిన దీపంలో ఆ చార ఉండదు. లోపల కూడా బయట ఎంత మెరుస్తుందో అంతే మెరుస్తుంది, లేదా రసాయనం పూసి ఒకేలా నల్లగా చేసి ఉంటుంది.

తర్వాత బర్నరు. అసలు బర్నరు ఇత్తడి గొట్టంలో బిగించిన పింగాణీ లాంటి రాతి మొన, దానికి సూదిమొన కంటే సన్నటి కన్నం. ఈ కన్నాన్ని మందపాటి సూదితో కెలికి పెద్దది చేసిన దీపాలు చాలా ఉంటాయి, వాటి మంట నిటారుగా నిలవక చీలిపోతుంది. సన్నటి ఉక్కు తీగ మాత్రమే దూరాలి. మొన మొత్తం ఇత్తడే అయి, కన్నం డ్రిల్లుతో పొడిచినట్టుంటే అది వెలిగేందుకు చేసినది కాదు.

రిఫ్లెక్టరు అంచున చెకుముకి చక్రం ఉంటుంది. పాతకాలం మనిషి అరచేతితో రిఫ్లెక్టరును కప్పి, ఒకటి రెండు సెకన్లు వాయువు నిండనిచ్చి, చేతిని చక్రం మీదుగా గట్టిగా లాగేవాడు. టప్‌మని వెలిగేది. ఏళ్ల తరబడి అలా లాగిన చేతి వల్ల చక్రం పళ్లు ఒకవైపే అరుగుతాయి, దాని పక్కన రిఫ్లెక్టరు అంచు నునుపుగా మెరుస్తుంది. ఆ అరుగుదలను ఏ నకలు తయారీదారూ పట్టించుకోడు.

రాయి వేయకుండానే కారుడును పరీక్షించే పద్ధతి ఒకటుంది. కింది గిన్నె ఖాళీగా ఉంచి, కొత్త రబ్బరు వాషరు వేసి బిగిస్తారు. నీటి లివరు మూసి, బర్నరుకు సన్నటి రబ్బరు గొట్టం తొడిగి మెల్లగా ఊదుతూ దీపాన్ని నీళ్ల గిన్నెలో ముంచుతారు. మర దగ్గర బుడగలొస్తే వాషరు లోపం, అతుకు వెంట వస్తే టంకం విడిపోయింది, పై మూత దగ్గర వస్తే నీటి లివరు పూర్తిగా మూసుకోవడం లేదు. అతుకు దగ్గర వచ్చేదానికి కొంత ధర తగ్గించుకోవచ్చు. వాషరు లోపానికి తగ్గించనక్కర్లేదు, అది కొత్తది వేస్తే పోతుంది.

మరమ్మతులో ఒక తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. ఎసిటిలీన్ రాగితో, వెండితో కలిస్తే తాకిడికే పేలే పదార్థాలు తయారవుతాయి. ఇత్తడిలో రాగి శాతం హద్దులో ఉంటుంది కాబట్టి దీపాలు ఇత్తడితో చేశారు. అలాంటి దీపానికి ఎర్రరాగి గొట్టం ముక్క అతికిస్తే, వెండి టంకం పెడితే అది చూపులకే తప్ప వెలిగించడానికి పనికిరాదు. టంకం పెట్టే ముందు లోపలి సున్నం, రాయి అంతా కడిగి ఆరబెట్టాలి. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పనివాళ్ల చేతిపని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, సొట్టలు తీయడం వాళ్లకు క్షణాల పని. కానీ దీపం ఇచ్చేటప్పుడు రాగి వాడొద్దని, లోపలి మచ్చలు ముట్టొద్దని నోటితో చెప్పి ఇవ్వాలి.

అచ్చులో ఉన్న తేదీని ఎలా చదవాలి

అమెరికా దీపాల మీద జస్ట్‌రైట్, ఆటో-లైట్, గైస్ డ్రాపర్ లాంటి పేర్లు, ఇంగ్లండ్ దీపాల మీద లీడ్స్‌కు చెందిన ప్రీమియర్ పేరు కనిపిస్తాయి. సేఫ్టీ ల్యాంపులైతే ఎక్లెస్‌లోని ప్రొటెక్టర్, అబెర్‌డేర్‌లోని థామస్ అండ్ విలియమ్స్ పేర్లు ఉంటాయి. కలకత్తా పేరు అచ్చయినవీ దొరుకుతాయి.

పేటెంటు తేదీ తయారీ తేదీ కాదు. దీపం మీద 1913 అని ఉంటే ఆ దీపం 1913 కంటే పాతది కాదని మాత్రమే అర్థం. అదే అచ్చును తయారీదారు ముప్పై, నలభై ఏళ్లు వాడవచ్చు. 1950లో చేసిన దీపం మీద కూడా 1913 ఉండవచ్చు.

ఒక ఉదాహరణ. అమ్మేవాడు 1910 నాటిదని చెప్పే దీపం చేతికొచ్చింది. పై గిన్నె మీద ఒక కంపెనీ పేరు, కింది గిన్నె అడుగున మరో కంపెనీ గుర్తు. రిఫ్లెక్టరును బిగించిన చోట ప్లస్ గాటు ఉన్న స్క్రూ. ప్లస్ గాటు స్క్రూకు పేటెంట్లు వచ్చిందే 1930ల నడుమ, అంటే ఆ స్క్రూ తర్వాత ఎప్పుడో వేసినది. పై గిన్నె మర, కింది గిన్నె మర రెండు చుట్లలోనే బిగుసుకుంటే అవి ఒకదానికొకటి పుట్టినవి కావు, రెండు విరిగిన దీపాలను కలిపి ఒకటి చేశారు. దీన్ని నకిలీ అనలేం, ప్రతి భాగమూ పాతదే కావచ్చు. సేకరణలో దీన్ని "కలిపిన దీపం" అని రాసుకోవాలి, పూర్తి దీపం ధర ఇవ్వకూడదు.

నకలు వేరు. మొరాదాబాద్ లాంటి ఇత్తడి ఊళ్ల నుంచి అలంకారపు గని దీపాలు దేశమంతా వస్తాయి. కొత్త వస్తువుగా అమ్మితే వాటిని తప్పుపట్టాల్సిన పని లేదు. పాతదని చెబితేనే మోసం. అచ్చు చూడండి: పాత దీపం మీద అక్షరాలు రేకులోకి దిగి, వెనక వైపు లీలగా ఉబ్బి ఉంటాయి. నకలు మీద అక్షరాలు పైపైన గీకినట్టుంటాయి, లేదా విడి బిళ్ల మీద రాసి అతికించి ఉంటాయి. సేఫ్టీ ల్యాంపైతే జాలీ చూడాలి. అంగుళం స్కేలు పెట్టి కళ్లు లెక్కిస్తే 28కి దగ్గరగా ఉండాలి. దోమతెరలా పదో పన్నెండో ఉంటే అది మంటను ఆపే జాలీ కాదు, ఉత్త అలంకారం.

చింతపండు పెట్టాలా, వద్దా

ఇత్తడి కనబడగానే మన చేయి చింతపండు మీదికే పోతుంది. సేకరించేవాళ్లలో దీని మీద గట్టి భేదాభిప్రాయం ఉంది.

తోమాలనేవాళ్ల మాట ఇది: దీపం పనిముట్టు, వాడిన మనిషి దాన్ని తుడుచుకునే వాడాడు, రిఫ్లెక్టరు మెరవకపోతే వెలుగే రాదు, మురికిని చరిత్ర అని పూజించడం అర్థంలేనిది. పైగా సున్నం పట్టిన మరలు తోమకపోతే బిగుసుకుపోతాయి. తోమవద్దనేవాళ్ల మాట వేరు: పాత దీపాల్లో చాలావాటికి నికెల్ పూత ఉండేది, తోముడుకు అది లేచిపోతే మళ్లీ రాదు. అచ్చు అక్షరాల అంచులు అరుగుతాయి. చింతపండు పులుపులో రాత్రంతా నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగి పైన ఎర్రటి రాగిఛాయ తేలుతుంది, కొందరు దాన్నే శుభ్రమైన రంగు అనుకుంటారు.

మొదటివాళ్లు చెప్పిన మరల సంగతి నిజం, రెండోవాళ్లు చెప్పిన నష్టం అంతకంటే పెద్దది. మర బిగుసుకుంటే పలుచని వెనిగర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో మర భాగాన్ని మాత్రమే కాసేపు ముంచితే సున్నం కరుగుతుంది. పట్టకారుతో గిన్నెను నొక్కి తిప్పితే పలుచటి ఇత్తడి గుడ్డు ఆకారానికి నొక్కుకుపోతుంది, తర్వాత ఏ వాషరూ సరిగా కూర్చోదు. బయటి మురికికి మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. లోపలి సున్నపు చారను అలాగే ఉంచాలి, దీపం పని చేసిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

వెలిగించడం, రాయి దాచుకోవడం

వేసవి రాగానే మామిడికాయలను కార్బైడ్‌తో పండిస్తున్నారని వార్తలొస్తాయి. రాయి అదే, వాయువు అదే. పండ్లకు దాని వాడకాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి, దాని బదులు గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులకు మించకుండా ఇథిలీన్ వాడనిస్తారు. వెల్డింగు పనికి కార్బైడ్ చట్టబద్ధమే, కానీ దాని నిల్వ, రవాణా 1987 నాటి కాల్షియం కార్బైడ్ నిబంధనల కిందికి వస్తాయి. నీళ్లు తగిలితే మండే వాయువు వదిలే ప్రమాదకర సరుకు కాబట్టి దీన్ని పార్సిల్లో దాచి పంపడం తప్పు, ప్రమాదం కూడా. దీపంతో పాటు "పావుకిలో రాయి ఫ్రీ" అని కొరియర్ చేస్తామనేవాళ్ల దగ్గర కొనకూడదు.

వెలిగిస్తేనే దీపానికి ప్రాణం ఉంటుందనే వాళ్ల మాటలో నిజముంది, ఆ తెల్లటి మంటను చూసినవాళ్లకు అది తెలుసు. కానీ ఎసిటిలీన్ గాలిలో రెండున్నర శాతం చేరితే చాలు అంటుకుంటుంది, పై హద్దు 80 శాతం దాకా ఉంటుంది. మీథేన్‌తో పోలిస్తే ఇది ఎంతో పెంకి వాయువు. మూసిన గదిలో, వంటింట్లో, వానాకాలపు తడి అటక కింద ఈ రాయికి చోటు లేదు. వాడిన సున్నంలో మారని ముక్కలు మిగులుతాయి కాబట్టి దాన్ని మూత డబ్బాలో వేస్తే లోపల వాయువు నిండుతుంది. ఆరుబయట బకెట్ నీళ్లలో వేసి, బుడగలు పూర్తిగా ఆగేదాకా మూత లేకుండా వదలాలి. సేకరణ కోసమైతే వెలగని దీపం వల్ల ధరకు ఏ లోటూ లేదు. అందుకే ఇంట్లో దాచుకునేవాళ్లు దీపాన్ని కడిగి ఆరబెట్టి, రాయి లేకుండా ఉంచుకోవడమే సబబు.

వందేళ్ల గీత దాటితే

"యాంటిక్" అనేది అమ్మకంలో పొగడ్త మాట. చట్టంలో దానికి కొలత ఉంది. 1972 పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు, గతకాలపు శాస్త్రాన్నో పనితనాన్నో చూపే వస్తువు వందేళ్లకు తక్కువ కాకుండా ఉంటే పురావస్తువు పరిధిలోకి రావచ్చు. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువును దేశం దాటించకూడదు. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న ప్రశ్న వస్తే తేల్చేది భారత పురావస్తు సర్వే అధిపతి.

ఇక్కడే పాత అచ్చు చదవడం నేర్చుకున్న ఫలితం కనబడుతుంది. 1913 పేటెంటున్న దీపాన్ని విదేశంలో ఉన్న బంధువుకు పంపాలనుకున్నారనుకుందాం. అది 1950లో తయారైందని స్క్రూలు, గుర్తులు చెబుతుంటే వందేళ్లు నిండలేదు. 1915 ప్రాంతంలో తయారైనదైతే నిండాయి. అమ్మేవాడు బిల్లు మీద ధర పెంచడానికి "నూట పదేళ్ల యాంటిక్" అని రాసిచ్చి ఉంటే, ఆ కాగితమే కస్టమ్స్ దగ్గర అడ్డం తిరుగుతుంది. అనుమానం ఉన్న వస్తువుకు పురావస్తువు కాదని సర్వే విభాగం ఇచ్చే ధ్రువపత్రం ముందే తీసుకోవడం మార్గం. దేశం లోపల ఒక చేతి నుంచి మరో చేతికి పోయే దీపానికి ఈ ఎగుమతి తలనొప్పి లేదు.

కరెంటు క్యాప్ ల్యాంపుల విషయంలో ప్రశ్న వేరు. వాటి మీద కంపెనీ నంబరు ఉంటుంది, అవి కార్మికుడి సొంతం కాదు, షిఫ్టు అయ్యాక తిరిగి ఇవ్వాల్సినవి. తుక్కు వేలంలో కొన్నదైతే ఆ వేలం కాగితం నకలు అడిగి తీసుకోవాలి. కాగితం లేని నంబరు దీపం ఎంత బాగున్నా కొనకుండా వదిలేయడమే మంచిది.

దీపం కొన్నరోజే ఒక చీటీ రాసి దానికి దారంతో కట్టాలి. ఎవరి ఇంట్లో, ఏ ఊళ్లో దొరికింది, ఆ ఇంటివాళ్లు చెప్పిన మాట ఏమిటి, అచ్చు మీద ఉన్న అక్షరాలు ఉన్నవున్నట్టుగా, వేరే భాగాలు కలిసి ఉంటే ఏవి, మీరు మార్చినవి ఏవి. చెప్పిన మాటను ఒక వరుసలో, కళ్లతో చూసింది మరో వరుసలో రాయాలి. బెల్లంపల్లి క్వార్టర్లో దొరికిన దీపానికి ఆ చీటీ లేకపోతే, రెండు చేతులు మారేసరికి మళ్లీ అదే మాట తగులుకుంటుంది: "సింగరేణి గని దీపం, వందేళ్ల నాటిది."